ఆరు బోల్టుల కొసరు

మా ఇంట్లో కొసరు వెయ్యకుండా ఎవరినీ పంపేవాళ్ళం కాదు. వరంగల్ బజార్లో మా నాన్నది కిరాణా దుకాణం. కిలో కందిపప్పు తూచి, కాటా మీద అంకె సరిగ్గా కిలో దగ్గర ఆగాక, నాన్న గుప్పిట్లో ఇంకొన్ని గింజలు తీసి పొట్లంలోకి జారవిడిచేవాడు. కొన్నవాళ్ళు అడిగినా అడగకపోయినా అంతే. "లెక్క కాడ ఆపేటోడు దుకాణపోడు గాదు బిడ్డా, మందులిచ్చే కంపౌండరు" అనేవాడు. పదేళ్ళప్పటి నుంచి గల్లా పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి నా చేతికీ ఆ అలవాటే అంటింది. అన్నం వడ్డించినా, ఎవరికైనా గోరింటాకు పెట్టినా, అయిపోయిందన్న తర్వాత మరికాస్త వేస్తేగాని నాకు పని పూర్తయినట్టుండదు. కొసరి కొసరి చంపుతావని మా అక్క తిట్టేది.

ఆ అలవాటు ఒకసారి ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. ఆ సంగతి చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ సగమే చెప్పాను. ఇప్పుడు మిగతా సగం కూడా రాస్తున్నాను.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాను. చదువు అయ్యాక, ఊరి బయట ఒక పాత రన్‌వే మీద నడిచే చిన్న ఫ్లయింగ్ స్కూల్లో టెక్నీషియన్ పని దొరికింది. నాన్నకు అది నచ్చలేదు. "కూసున్న కాడికి గిరాకీ వస్తాంటే, నువ్వు పోయి నూనె గుడ్డలు పిండుతనంటవు" అని వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి నేనూ మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున అమ్మ నాకు టిఫిన్ డబ్బా కట్టింది. ఒప్పుకున్నారన్నమాట. కాని ఏనాడైనా నా పని పోతే "మేం ముందే చెప్పలేదా" అనడానికి ఇంట్లో అందరి నోళ్ళూ సిద్ధంగా ఉన్నాయని నాకు తెలుసు. ఆ మాట వినకూడదని నాకు ఎంత పంతమో, ఆ పంతం నా చేత ఏం చేయించిందో తర్వాత చెబుతాను.

పొద్దున ఆరింటికల్లా షెడ్డు తలుపులు నేనే తెరిచేదాన్ని. దాన్ని హ్యాంగర్ అనేవాళ్ళు గాని, ఉన్నది రేకుల షెడ్డే. అందులో రెండు విమానాలు. ఒక్కోదాంట్లో ఇద్దరే కూర్చోవచ్చు, మోకాళ్ళు ముడుచుకుని. చూడటానికి బొమ్మల్లా ఉండేవి గాని వాటికి చేసే సేవ తక్కువేం కాదు. రెక్క కింది నుంచి కొంచెం పెట్రోలు గాజు గ్లాసులోకి పట్టి, అడుగున నీళ్ళు చేరాయేమో వెలుతురుకు పెట్టి చూడాలి. ఇంజన్ ఆయిల్ కడ్డీ తీసి చూడాలి. టైర్లలో గాలి, బ్రేకు గొట్టాలు, రెక్కల చివర కదిలే పలకల కీళ్ళు, అన్నీ చేత్తో తడిమి చూడాలి. ప్రొపెల్లర్ అంచు వెంట వేలు జరిపి, కంకర తగిలిన గంటు ఏమైనా ఉందేమో వెతకాలి. అన్నీ అయ్యాక ముందు చక్రానికి లాగుడు కడ్డీ తగిలించి విమానాన్ని బయటికి లాగాలి. ఎక్కడ పడితే అక్కడ చెయ్యి వెయ్యకూడదు. మొదటి వారం నేను తోక మీద చెయ్యి వేసి తోశాను. మా ఇంజినీరు సారు చూసి, "అది మీ నాయిన స్కూటర్ గాదు" అన్నాడు. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరిచేవాడు కాదు.

సారుకు అరవై దాటాయి. మిలిటరీలో విమానాలు బాగు చేసి, రిటైరయ్యాక ఇక్కడ చేరాడు. ఆయన సంతకం పడకుండా విమానం షెడ్డు గడప దాటదు. నాకు వచ్చిన పనంతా ఆయన నేర్పిందే. ఏ పానా ఎట్లా పట్టుకోవాలో, నూనె వాసన చూసి ఇంజన్ వేడి ఎట్లా కనిపెట్టాలో, చెయ్యి పట్టుకుని నేర్పాడు. నేర్పడానికి ఆయనకు తోచని విషయం ఒకటుంది, దుకాణపు పిల్ల చెయ్యి ఎక్కడ ఆగదో అది.

అది వానలు వెనకపట్టిన రోజుల్లో. మొదటి విమానంలో బ్యాటరీని ఛార్జి చేసే బెల్టు నెర్రెలిచ్చింది. కార్లో ఉండే ఫ్యాన్ బెల్టులాంటిదే, కాని అది ప్రొపెల్లర్ వెనక ఉంటుంది. దాన్ని మార్చాలంటే ప్రొపెల్లర్ మొత్తం విప్పాలి. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని విప్పాం, బెల్టు మార్చాం, మళ్ళీ ప్రొపెల్లర్ ఎక్కించాం. ప్రొపెల్లర్‌ను ఇంజన్‌కు పట్టి ఉంచేవి ఆరు బోల్టులు. విమానాన్ని ముందుకు లాగేదంతా ఆ ఆరింటి మీదే ఆధారం.

వాటిని మామూలు పానాతో బిగించరు. టార్క్ రెంచి అని ఒకటుంటుంది. ఎంత బిగువు కావాలో దాని పిడి దగ్గర అంకె పెట్టుకుంటే, ఆ బిగువు రాగానే అది టక్‌మని చేతిలో ఒకసారి జారుతుంది. అక్కడ ఆపాలి. ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా సారే బిగిస్తూ వచ్చాడు. ఆఖరి దఫాకు ఆయన భుజం లాగింది. "నువ్వు చెయ్యి బిడ్డా, నేను వింట" అని రెంచి నాకిచ్చి, పక్కనే స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆరు టక్కులూ విన్నాడు. "సరే, తీగ కట్టు" అన్నాడు. బోల్టుల తలల్లోంచి సన్నటి ఉక్కు తీగ దూర్చి మెలిపెట్టి కడితే, అవి వదులు కాకుండా ఉంటాయి. నేను కట్టాను. ఆయన టార్చి వేసి తీగ చూసి, పుస్తకంలో సంతకం పెట్టాడు.

ప్రతి టక్కు తర్వాతా నా మణికట్టు ఇంకొంచెం తోసింది. ఆరుసార్లూ తోసింది. దానికి చప్పుడు ఉండదు కాబట్టి ఆయనకు తెలియలేదు. దొంగతనంగా చేశానని అనుకోకండి. ఆయన ఎదురుగా కళ్ళు తెరుచుకుని చూస్తున్నా అట్లాగే తోసేదాన్ని. గాలిలో ఎగిరే వస్తువుకు కొంచెం ఎక్కువే ఉండాలి కదా అనుకున్నాను. మంచి పని చేశానన్న సంతోషంతోనే ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున ఆ విమానం ఒక స్టూడెంటుది. కేసముద్రం పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న అక్కడి మార్కెట్ యార్డులో ధాన్యం వ్యాపారి. బజారు మాటలు ఇద్దరికీ తెలుసు కాబట్టి మాకు తొందరగా కుదిరింది. నన్ను అక్కా అని పిలిచేది. అంతకు ముందు ఒకే ఒక్కసారి ఒంటరిగా ఎగిరింది, అదీ ఒక్క చక్కరు. ఈ రోజు ఆరు చక్కర్లు కొట్టాలి. రన్‌వే మీద దిగి, ఆగకుండానే మళ్ళీ ఇంజన్ పూర్తిగా పెంచి లేవాలి. అట్లా ఐదుసార్లు, ఆరోసారి ఆపాలి.

విమానాన్ని ఇద్దరం కలిసి బయటికి లాగాం. నేను ముందు కడ్డీ పట్టుకున్నాను, ఆమె రెక్క కింది కమ్మీ పట్టుకుని తోసింది. ఆమె అరచేతులు చెమటతో జారుతున్నాయి. మాటిమాటికీ చున్నీకి తుడుచుకుంటోంది.

"భయమైతాందా?" అన్నాను.

"భయం గాదక్కా, ఆకలి. పొద్దుగాల ఏం దిగలే" అంది.

సారు ఇంజన్ ఒకసారి నడిపించి చూశాడు. అంతా బాగుంది. నిజంగానే బాగుంది, వణుకు లేదు, చప్పుడులో తేడా లేదు. చక్రాల కింది చెక్కలు నేనే తీసి, ఆమెకు కనపడేట్టు పైకెత్తి చూపించాను. ఆమె బొటనవేలు పైకెత్తింది. విమానం రన్‌వే వైపు వెళ్ళిపోయింది. ఆమెకు నేర్పే కెప్టెన్, రన్‌వే పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతి రేడియో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను షెడ్డులోకి వచ్చి రెండో విమానం పని మొదలుపెట్టాను. స్పార్క్ ప్లగ్గులు తీసి శుభ్రం చేసి మళ్ళీ బిగించే పని. వాటికీ టార్క్ రెంచే. సారు నా వెనకే నిలబడి టీ తాగుతున్నాడు. బయట మొదటి చక్కరు అయిపోయి రెండోది నడుస్తోంది. రెంచి టక్‌మంది. నేను ఇంకొంచెం తోశాను.

"ఏందది?" అన్నాడు సారు.

"ఏంది సార్?"

"టక్కన్నంక మళ్ళ నూకినవు."

నేను నవ్వాను. "కొసరు సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. కొంచెం పక్కకు ఒలికింది, దాన్ని తుడవలేదు. బల్ల మీద ఒలికినదాన్ని ఆయన తుడవకుండా వదలడం నేను చూడటం అదే మొదటిసారి.

"బోల్టు పట్టుకునేది ఎట్లనో ఎరుకనా నీకు? అది జర సాగి పట్టుకుంటది. ఎంత సాగాలెనో లెక్క ఉంది. అందుకే టక్కన్న కాడ ఆపాలె. లెక్క దాటితే అది మళ్ళ ఎనక్కి రాదు. పైకి ఏం కానరాదు. మంచిగనే ఉన్నట్టుంటది. తర్వాత ఎప్పుడో ఒకనాడు, నడుస్త నడుస్త తెగుతది."

నా చేతిలో రెంచి బరువెక్కింది. బయట విమానం దిగి మళ్ళీ లేచిన చప్పుడు వినిపించింది. మూడో చక్కరు.

"నిన్న ప్రొపెల్లర్ బోల్టులకు గూడ ఇట్లనే చేసినవా?" అన్నాడు.

ఇక్కడే నేను ఎవరికీ చెప్పని సగం ఉంది. విన్నవాళ్ళంతా, నేను వెంటనే పరుగెత్తి వెళ్ళి చెప్పాననే అనుకున్నారు. అట్లాగే అనుకోనిచ్చాను. నిజంగా జరిగింది వేరు.

"లేదు సార్" అన్నాను. "నిన్న చెయ్యలే."

ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. మా దుకాణానికి అధికారి ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే, ముందు లేదనేయడం మా ఇంటి రివాజు. అడిగింది ఏమిటో ఆ తర్వాత ఆలోచించేవాళ్ళం. నోరు దాని పని అది చేసేసింది. కాని ఆ మాటను నిలబెట్టింది నేనే. పని పోతుందనుకున్నాను. నాన్న ముఖం కనిపించింది. 'మేం ముందే చెప్పలేదా' అన్న మాట చెవిలో వినిపించింది. దాని ముందు బోల్టు చిన్నదైపోయింది.

సారు నన్ను కాసేపు చూశాడు. "నిన్న చెయ్యలే కదా" అని మళ్ళీ అడిగాడు. "చెయ్యలే సార్" అన్నాను. ఆయన తల ఊపి, ఒలికిన టీ తుడవడం మొదలుపెట్టాడు.

ప్లగ్గు అట్లాగే వదిలేసి, మంచినీళ్ళ వంకతో బయటికి వచ్చాను. ఎండ ఇంకా పదునెక్కలేదు. రన్‌వే అవతల పత్తి చేలల్లో ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. విమానం వాళ్ళ మీదుగా రన్‌వేకు సమాంతరంగా వెళుతోంది. నేను చెవి రిక్కించి విన్నాను. చప్పుడు మామూలుగానే ఉంది. తెగేవాటికి ముందు చప్పుడు మారుతుందా, మారకుండానే తెగుతాయా, అది సారును అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

కెప్టెన్ కుర్చీ వెనక వెళ్ళి నిలబడ్డాను. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, సరిగ్గా అట్లా నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, "ఏంది, పని లేదా?" అన్నాడు. "చూస్తాన సార్" అన్నాను. విమానం మలుపు తిరిగి మాకు ఎదురుగా దిగడం మొదలుపెట్టింది. ఇప్పుడు చెబితే ఆయన రేడియోలో ఆగమంటాడు, ఆమె ఆగుతుంది, అంతా నేల మీదే అయిపోతుంది. నోరు తెరిచాను కూడా. చక్రాలు రన్‌వేను తాకాయి. ఆ వెంటనే ఇంజన్ పూర్తిగా పెరిగిన హోరు మా మీద నుంచి దాటిపోయింది. ఇంజన్ అంత గట్టిగా లాగేటప్పుడే ఆ ఆరు బోల్టుల మీద భారమంతా పడుతుంది. ఆమె నన్ను చూసినట్టుంది, రెక్కలు కొంచెం అటూ ఇటూ ఊపింది. నాలుగో చక్కరు.

ఆ చక్కరు నేను బతికి ఉండగా మరిచిపోను. ఆమె విమానం ఎక్కడుంటే నా కళ్ళు అక్కడే. ఊరి వైపు తిరిగినప్పుడు సన్నటి గీతలా కనిపించింది. కింద ఇళ్ళున్నాయి, కరెంటు తీగలున్నాయి, బడికి పోయే ఆటోలున్నాయి. గాలిలో ప్రొపెల్లర్ ఊడితే ఇంజన్ ఏమవుతుందో, ముందు బరువు పోయిన విమానం ఎట్లా తిరగబడుతుందో, నేను ఎక్కడో చదివిందంతా గుర్తొచ్చింది. ఒంటరిగా ఎగరడం ఆమెకు ఇది రెండోసారి. పొద్దున ఏమీ తినలేదు. ఆమెకేమైనా అయితే కేసముద్రంలో వాళ్ళ నాన్నకు ఫోన్ చేసేదెవరు? ఏమని చెబుతారు? ఇవన్నీ తెలిసి కూడా నేను మాట్లాడలేదు. ఇంకో రెండు చక్కర్లే కదా, దిగిపోతుంది కదా, దిగాక ఏదో ఒక వంక చెప్పి బోల్టులు మార్పించవచ్చు కదా అనుకున్నాను. సిగ్గులేకుండా లెక్క వేసుకున్నాను.

మళ్ళీ వచ్చింది, చక్రాలు తాకాయి, మళ్ళీ లేచింది. ఐదో చక్కరు. లేచేటప్పుడు, నిజమో నా భ్రమో ఇప్పటికీ తెలియదు, హోరులో ఒక చిన్న వణుకు వినిపించింది. కుర్చీ వీపు పట్టుకున్నాను.

"సార్, దింపండి" అన్నాను.

కెప్టెన్ తల తిప్పాడు. "ఏం దింపాలె?"

"విమానం. ప్రొపెల్లర్ బోల్టులు నేను ఎక్కువ బిగించిన. అన్నింటినీ. సారుకు అబద్ధం చెప్పిన."

ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. కుర్చీలోంచి లేచి, రేడియో నోటి దగ్గర పెట్టుకుని, ఒకసారి గాలి పీల్చుకున్నాడు. ఆయన గొంతు మాత్రం టీ చెప్పినంత నెమ్మదిగా వచ్చింది.

"మంచిగ కొడుతున్నవు. జర పవర్ తగ్గించుకో. ఫికర్ ఏం లేదు. ఈ చక్కరే ఆఖరుది, వచ్చి ఫుల్ స్టాప్ చెయ్యి. చిన్నగ రా."

రేడియోలో గరగర. తర్వాత ఆమె గొంతు.

"సర్, నా ల్యాండింగ్ బాగలేదా?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు తనదేమోనని భయపడుతోంది ఆ పిల్ల.

"బాగున్నది. అందుకే చాలంటాన. రన్‌వేకు దగ్గరగనే ఉండు, దూరం పోకు" అన్నాడు కెప్టెన్. రేడియో దించి, నా వైపు చూడకుండా, "ఎల్లి మీ సారును పిలువు" అన్నాడు.

పిలవక్కర్లేకపోయింది. సారు అప్పటికే షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పరుగెత్తుతూ వెళ్ళి చెప్పాను. ఆయన గోడకున్న మంటలార్పే సీసా తీసుకుని రన్‌వే వైపు నడిచాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా నడవగలడని నాకు తెలియదు. ముగ్గురం వరుసగా నిలబడి ఆకాశంలోకి చూశాం. విమానం ఊరి వైపు తిరిగింది, చేల మీదుగా వచ్చింది, చివరి మలుపు తిరిగింది. ఇంజన్ చప్పుడు తగ్గుతూ వచ్చింది. అది తగ్గుతున్న కొద్దీ నాకు ఊపిరి ఆడుతూ వచ్చింది. చక్రాలు ఒకసారి తాకి, ఎగిరి, మళ్ళీ తాకాయి. కెప్టెన్ అక్కడే ఇంజన్ ఆపెయ్యమన్నాడు. రన్‌వే మధ్యలో ప్రొపెల్లర్ రెండు చుట్లు తిరిగి ఆగింది.

అక్కడి నుంచి షెడ్డు దాకా తోసుకొచ్చాం. ముందు కడ్డీ పట్టుకోవడం నా పని. అంటే ప్రొపెల్లర్ పక్కనే వంగి నడవాలి. దారి పొడుగునా ఆ ఆరు బోల్టుల తలలూ, నేను మెలిపెట్టిన తీగా నా ముఖానికి మూరెడు దూరంలో ఉన్నాయి. వెనక ఆ పిల్ల కమ్మీ తోస్తూ, ఏమైంది సార్, ఏమైంది సార్ అని అడుగుతోంది. "బెల్టు మళ్ళ చూడాలె" అని మాత్రం అన్నాడు కెప్టెన్.

సారు తీగ కోసి, బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. కిరసనాయిలులో కడిగి, తెల్ల గుడ్డ మీద వరుసగా పెట్టి, స్టోరు నుంచి కొత్త బోల్టు తెచ్చి పక్కన పెట్టి కొలిచాడు. నాలుగు సరిగ్గానే ఉన్నాయి. రెండు సాగాయి. కంటికి తేడా లేదు, కొలత సాధనంలో మాత్రమే తెలిసింది. ఆ రెండింటికీ ఎర్ర మందు పూసి, తుడిచి, పైన తెల్ల మందు చల్లి ఆరబెట్టాడు. ఎక్కడైనా పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు పైకి వస్తుంది. పది నిమిషాలు ముగ్గురం ఆ తెల్ల బోల్టుల వైపు చూస్తూ కూర్చున్నాం. ఒకటి తెల్లగానే ఉంది. రెండోదానికి మర మొదలయ్యే చోట వెంట్రుకంత ఎర్రటి గీత మెల్లగా తేలింది.

"ఇది ఎన్ని రోజులు ఆగుతుండె సార్?" అన్నాను.

"తెల్వది. యాభై గంటలు ఆగచ్చు. ఇంకో చక్కరు ఆగకపోవచ్చు" అన్నాడు.

కెప్టెన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. షెడ్డులో సారూ నేనూ మిగిలాం. తిడతాడని తల వంచుకుని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. మా ఇంట్లోనైతే ఈపాటికి వీధి వీధంతా వినిపించేది. సారు పుస్తకం తెరిచి, రాయడానికి కలం తీసి, రాయకుండా ఆగాడు.

"నువ్వు లేదన్నప్పుడు నాకు నమ్మకం కుదరలే బిడ్డా" అన్నాడు. "నీ చెయ్యి అలవాటు నా కండ్ల ముందటనే చూసిన. ఇయ్యాల్ల చేసిన చెయ్యి నిన్న ఊకుంటదా? కానీ నిన్నటి సంతకం నాది. నువ్వు లేదంటే నాకు పానం హాయిగ అనిపిచ్చింది. అందుకే రెండోసారి అడిగిన, మళ్ళ లేదనాలెనని. తలుపు కాడికొచ్చి నేను గూడ చక్కర్లు లెక్కపెడుతనే ఉన్న."

ఇద్దరం ఒకే పిల్లను ఆకాశంలో పెట్టి, చెరో చోట నిలబడి, దిగితే చాలని చూశాం. ఆయన కలం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. జరిగింది రాశాడు, తన పేరు రాశాడు, నా పేరు రాశాడు. నన్ను పనిలోంచి తీసేయలేదుగాని చాలా నెలలు నా చేతికి రెంచి ఇవ్వలేదు. నాకు అదేమీ శిక్షగా తోచలేదు.

ఆయన రాస్తుండగానే ఆ పిల్ల లోపలికి వచ్చింది. కెప్టెన్ అప్పటికి ఆమెకు బోల్టుల సంగతి చెప్పినట్టున్నాడు, నా అబద్ధం సంగతి చెప్పలేదు. ముఖం పాలిపోయి ఉంది. తెల్ల గుడ్డ మీది బోల్టు దగ్గరికి వెళ్ళి, ఎర్ర గీతను చూసింది. వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నా చేతులకు నూనె ఉందని చెప్పినా వదల్లేదు.

"తప్పు ఎవరన్న చేస్తరక్కా" అంది. "కానీ పని పోతదని తెలిసి గూడ నువ్వే పోయి కెప్టెన్ సారుకు చెప్పినవంట. వేరేటోళ్ళయితే నేను దిగేదాక నోరు మూసుకొని ఊకుందురు. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"

సారు కలం ఆగింది. ఆయన తల ఎత్తలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. నేను లేదన్నప్పుడు ఆమె మూడో చక్కర్లో ఉంది. చెప్పినప్పుడు ఐదో చక్కర్లో ఉంది. ఆ మధ్య రెండుసార్లు దిగి, రెండుసార్లు పూర్తి హోరుతో లేచింది, ఒకసారి నాకు రెక్కలు ఊపింది.

"ఏం లేదు చెల్లె. పోయి ముందు ఏమన్న తిను" అన్నాను.